పిడిలో లక్క

ఓబులేసూ,

నువ్వు పోయి ఏడాదయిందని నిన్న తనకల్లులో మీ ఇంటికి పోతి. ఎగరేసిన మట్టిబిళ్ళలు కొట్టే పందేలకు నాకు గట్టి పాత తుపాకి ఒకటి కావాల. నీ పెండ్లాం రత్నమ్మ నీదే తీసుకోమనింది. నీ తుపాకైనా సరే, ఊరికే నమ్మే గుణం కాదు గదా నాది! గొట్టాలు వెలుతురుకు ఎత్తి పట్టి లోపల చూస్తి, గోటితో తట్టి మోత వింటి. అంతా బాగానే ఉండాది. పిడి అడుగున మాత్రం ఒక పగులు, దాంట్లో నింపిన లక్క.

"ఏమ్మా, దీన్ని ఎప్పుడూ కింద పడెయ్యలేదని కోతలు కోసినాడే వాడు?" అంటి.

"ఆయన పడెయ్యలేదన్నా. కదిరి పందెంలో నువ్వే పడేసి, దుమ్ము తుడిచి ఇచ్చినావంట. నీకు చెప్పొద్దన్నాడు."

ఆ పొద్దు నువ్వు అటు తిరిగి నీళ్లు తాగుతాంటివి. చూళ్లేదనే అనుకుంటి, ఓబులేసూ.