లచ్చి కింద పరిచిన ఊక

మిర్యాలగూడలో ఉన్న యాదన్నకు, బెంగళూరు నుంచి తమ్ముడు మల్లేశు దండం పెట్టి రాసేది.

అన్నా, నేను బాగున్నాను. నువ్వు, వదిన, పిల్లలు బాగున్నారనుకుంటాను. మన గుర్రం లచ్చి దగ్గు ఎలా ఉంది? నువ్వు నా ఫోను ఎత్తడం లేదు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను.

ఇక్కడ గుర్రాలశాలలో పని బాగానే ఉంది. రోజూ తుంపర, పొద్దున చలి. సాంబారులో బెల్లం వేస్తారు, నోటికి ఎక్కడం లేదు. వదినను కాస్త చింతకాయ తొక్కు పంపమను. శాలలో తెలుగు మాట్లాడేవాళ్లు లేక గుర్రాలతోనే మాట్లాడుతున్నాను.

పోయిన నెల రెండు గుర్రాలకు ఆయాసం వచ్చింది. గుర్రాల డాక్టరమ్మ మొదటిదానికి లోపలి గడ్డి దుమ్ము పడటం లేదని, దాన్ని బయట మైదానంలో ఉంచి, ఎండుగడ్డి తడిపి పెట్టమంది. కొద్దిరోజుల్లోనే తేరుకుంది. నేను అతితెలివికి పోయి, అడగకుండా రెండోదాన్నీ బయటికి తోలాను. సాయంత్రానికి దాని డొక్కలు ఎగిరెగిరి పడ్డాయి. దానికి పడనిది పచ్చగడ్డి పుప్పొడట. ఇప్పుడు దాన్ని లోపలే ఉంచి, మూతికి మాస్కు పెట్టి మందు పీల్పిస్తున్నాం. డాక్టరమ్మ అరవలేదు. "ఇది ఎక్కడ నిలబడితే దగ్గుతుందో చూశావా?" అని మాత్రం హిందీలో అడిగింది.

తలకాయ ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదన్నా. లచ్చి గుర్తొచ్చింది. మెత్తగా ఉంటుందని రైసుమిల్లు నుంచి ఊక మూటలు మోసుకొచ్చి దాని కింద పరిచింది నేను. చలి తగులుతుందని షెడ్డు చుట్టూ గాలి చొరకుండా ప్లాస్టిక్ పట్టాలు కట్టింది నేను. "ఊక దుమ్ము లేస్తదిరా, బయట కట్టేద్దాం" అని నువ్వు అంటే వినలేదు. పైగా వదిన ముందరే, "నీ బరాతుల పటాకుల పొగకే దాని రొమ్ము ఖరాబైంది, నువ్వే దాన్ని సంపుతున్నవ్" అన్నాను. పెళ్లికొడుకును మోస్తూ బరాతు ఊరేగింపులో నడిచేటప్పుడు అది ఎన్నడూ దగ్గలేదు. షెడ్డులోకి వచ్చాకే దగ్గేది. కళ్లముందే ఉన్నా చూడలేదు. నా మాటకు నువ్వు బరాతులు మానేసి దామరచర్లలో కూలికి పోతున్నావు. తప్పు నాది, శిక్ష నీకు.

వచ్చే నెల లచ్చిని కోదాడ బేరగాడికి అమ్ముతున్నావని వదిన చెప్పింది. జర ఆగన్నా. ఊక ఊడ్చేసి, పట్టాలు విప్పి, గడ్డి తడిపి పెట్టి చూడు. అయినా నేను చెప్పానని నమ్మకు, లచ్చిని చూడకుండా చెప్పలేనని డాక్టరమ్మే అంది. ఎక్కడ, ఎప్పుడు దగ్గుతుందో రెండు రోజులు పక్కనే ఉండి చూసి, పశువుల దవాఖానలో చెప్పు.

నాన్నకు నా దండాలు చెప్పు. నిన్ను దీవించమని అడిగే మొహం నాకు లేదు. తిట్టినా పడతాను, ఒక్కసారి ఫోను ఎత్తు. నాతో మాట్లాడబుద్ధి కాకపోతే ఫోను లచ్చి మూతి దగ్గర పెట్టు. దాని ఊపిరి విని పెట్టేస్తాను.

నీ మాట వినని తమ్ముడు,
మల్లేశు