తలుపు కొట్టే ప్రాక్టీసు

జూన్ 4
సువార్త చెప్పే మిషన్‌కి వెళ్ళేవాళ్ళందరికీ మందిరంలో తలా ఒక డైరీ ఇచ్చారు. ఆత్మీయ అనుభవాలు రాసుకోవాలట. నేను వ్యాన్ డ్రైవర్ని. నా అనుభవాలన్నీ క్లచ్ ప్లేటు గురించే. ఎనిమిదో క్లాసు తప్పినవాడి చేతిరాత ఎవడూ చదవలేడు, దీనికి అదే తాళం.

వెళ్ళేది రాళ్ళ క్వారీ కూలీల ఇళ్ళ లైన్లకి. వ్యాన్‌లో మూడు గంటలు. పదిహేనున ప్రయాణం. మా అక్క ఉండేది అక్కడే. బావ పోయాక కూడా రాళ్ళు కొడుతూనే ఉంది. ఇప్పుడు ఊపిరితిత్తుల నిండా రాతిపొడి. అక్కడ ఫోన్లు అందవు. క్వారీ లారీ డ్రైవర్‌తో కబురు పంపింది. డాక్టర్లు చేతులెత్తేశార్రా తమ్ముడూ, మందులేం తేకు, పక్కన కూర్చుని ప్రార్థన చేసేవాళ్ళెవరైనా ఉంటే తీసుకురా అని.

పాస్టర్ గారికి చెప్పాను. మొదటి ఇల్లు మీ అక్కదేనయ్యా అన్నారు.

జూన్ 8
ట్రైనింగ్ సారు దిగాడు. రిటైరైన లెక్చరరు. చేతిలో తొంభై రెండు ఐటమ్‌ల లిస్టు. మైకులు, జనరేటరు, టార్చిలైట్లు, టార్చిలైట్లు పోతే వాడే టార్చిలైట్లు. వీళ్ళు బావి తవ్వి, గిలక బిగించి, చేద ఎలా వెయ్యాలో క్లాసు చెప్పించుకునేసరికి దాహంతో ఉన్నవాడు తీరిగ్గా పోతాడు.

రేపట్నుంచి తలుపు కొట్టే ప్రాక్టీసు. స్టోర్‌రూమే ఇల్లు. లోపల దేవుణ్ణి నమ్మనివాడు ఒకడు కూర్చోవాలట. ఎవరు కూర్చుంటారు అని సారు అడగ్గానే అందరి చూపులూ నా మీదే. నా పేరు ప్రతిష్ఠలు అలాంటివి.

జూన్ 9
ఇంత సుఖం నా జన్మలో లేదు.

తలుపు కొట్టగానే ముందు కుక్కలా మొరిగాను. పాటల టీచరమ్మ రెండడుగులు వెనక్కి వేసింది. తర్వాత లోపలికొచ్చి, దేవుడు మిమ్మల్ని ప్రేమిస్తున్నాడండీ అంది. ఆ ముక్క మా ఆవిడకి చెప్పండి, ఇరవై ఏళ్ళుగా ఆవిడకి అనుమానంగానే ఉంది అన్నాను. బ్యాంకు క్లర్కు వచ్చి, చచ్చాక ఎక్కడికెళ్తారని అడిగాడు. మీరెళ్ళే చోటికి మాత్రం కాదు, అక్కడ కూడా మీటింగులు పెడతారు అన్నాను. చెమటకి చొక్కా తడిసిపోయింది పాపం.

అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు, సారు తప్ప. ఈ ఒక్కణ్ణే ఒప్పించలేనివాళ్ళు అక్కడ ఎవర్ని ఒప్పిస్తారు అన్నాడు. ప్రయాణం వారం వాయిదా, ఇరవై రెండుకి.

నన్ను బట్టి ఒక కమిటీ తేదీ మార్చుకుంది. మా ఆవిడకి చెప్పి మురిసిపోయాను.

జూన్ 16
లారీ డ్రైవర్ కనిపించాడు. తమ్ముడు బయల్దేరాడా అని అక్క అడిగిందట. ఇంకో వారమని చెప్పమన్నాను.

జూన్ 17
లిస్టు చివర తొంభై మూడో ఐటమ్ నేనే రాశాను: గొడుగు తడవకుండా గొడుగుకి కవరు. పాసైపోయింది. ఆరు కొంటున్నారు.

జూన్ 20
ఈసారి తొందరగా ఒప్పేసుకుందామనే లోపలికెళ్ళాను. ప్రమాణంగా. అయిదు నిమిషాల్లో కళ్ళు తుడుచుకుని లేద్దామనుకున్నా. కానీ క్లర్కు జవాబులు కాయితం చూసి చదివాడు. ఆ తర్వాత నా నోరు నా మాట వినలేదు. వాడు ఏడ్చినంత పని చేశాడు. మళ్ళీ వాయిదా, ఇరవై తొమ్మిదికి.

మందిరం ఊడ్చే పెద్దమ్మ చీపురు పట్టుకుని అంతా చూసింది. నా దగ్గరకొచ్చి, ప్రభువు శిష్యుల్ని పంపినప్పుడు సంచి కూడా వద్దన్నాడు కదరా, అక్కడికెళ్ళాక మాట ఆయనే అందిస్తాడని వీళ్ళకి నమ్మకం లేదా అంది. వాళ్ళనే అడుగు పెద్దమ్మా అన్నాను. వాళ్ళ సంగతి సరే, వ్యాను తాళం నీ జేబులోనే ఉందిగా, నువ్వెందుకు ఆగావు అంది. నాకింకా ట్రైనింగ్ కాలేదుగా అన్నాను.

పెద్దమ్మ నవ్వలేదు.

జూన్ 21, ఉదయం 5
ప్రార్థన చేసి చూద్దామని కూర్చున్నాను. అన్నం ముందు చెప్పేది తప్ప ఒక్కటీ రాలేదు. చావుబతుకుల్లో ఉన్న మనిషి పక్కన కూర్చుని ఆహారం గురించి చెప్పనా? అక్కే నవ్వుతుంది. నేర్చినవాళ్ళతోనే పోదాం.

జూన్ 27
అక్క మొన్న పోయిందట. మట్టి కూడా ఇచ్చేశారు.

జూన్ 28
ఎవర్నీ అడక్కుండా వ్యాను తీసుకెళ్ళాను. మూడు గంటలే పట్టింది. మూడు గంటలే.

రేకుల గది. మంచం మీద, బిందె మీద, గోడకానించిన సుత్తి మీద పొడి. పక్కగదిలో తట్టలు మోసే ఆవిడ ఉంది. ఏ మందిరం మెట్లూ ఎక్కలేదట. పని దిగి రోజూ అక్క దగ్గర కూర్చునేదట. ఏం ప్రార్థన చేశావమ్మా అని అడిగాను. నాకేం వచ్చన్నా, దేవుడా, ఈ అక్క ఇక్కడుంది, ఊపిరాడట్లేదు, నేను పొద్దున్నే పనికి పోవాలి, నువ్వొచ్చి కూర్చో అని చెప్పేదాన్ని, అంతే అంది. ఆయన వచ్చాడని ఎలా నమ్మావని అడిగాను. ఆ మాట కాగానే నిద్రపోయేదన్నా, ఆయన వచ్చే ఉంటాడు అంది.

ఇంకొకటి కూడా చెప్పింది. తలుపుకి గడియ పెట్టనిచ్చేది కాదట. మా తమ్ముడు తలుపు కొట్టే రకం కాదు, తోసుకొచ్చే రకం అనేదట. గాలికి కొట్టుకోకుండా ఒక రాయి మాత్రం అడ్డం పెట్టించుకుందట.

రాయి ఇంకా అక్కడే ఉంది. కాలితో జరిపితే జరిగింది.

జూన్ 30
నిన్న కూడా బయల్దేరలేదు. ట్రైనింగ్ సారు నా భుజం తట్టాడు. దుఃఖంలో ఉన్నవాళ్ళని పలకరించడం మన సిలబస్‌లో లేదయ్యా, నీ వల్లే గుర్తొచ్చింది అన్నాడు. అది తొంభై నాలుగో ఐటమ్. ప్రయాణం రెండు వారాలు వాయిదా. ప్రాక్టీసుకి నన్నే కూర్చోమన్నాడు. ఈసారి నటించక్కర్లేదుగా అన్నాడు, ఓదార్పుగా.

జూలై 2, సాయంత్రం 6
స్టోర్‌రూమ్‌లో కూర్చున్నాను. తలుపు కొట్టారు. నేను పలకలేదు. మళ్ళీ కొట్టారు. గడియ పెట్టలేదు.

ఎవరూ తొయ్యలేదు.