సారు గోడకు సున్నం

మంగళవారం, రాత్రి.

పోయిన నెల చచ్చిపోయిన డ్రాయింగ్ సారుకు ఈరోజు బడిలో సభ పెట్టారు. బతికుండగా ఆయనకు ఒక్క చాయ్ తాగించని మొహాలన్నీ మైకు పట్టుకొని ఏడ్చాయి. సారు బొమ్మ వేసిన గోడకే సున్నం కొట్టి ఫ్లెక్సీ కట్టారు. ఆ బొమ్మలో మగ్గానికి నూలు కండెలు చుడుతున్నది మా ఇంటామె. ఆమె పోయింది, ఇంట్లో ఫొటో కూడా లేదు.

ఇప్పటి హెడ్మాస్టర్ కూడా ఆ డ్రాయింగ్ సారు దగ్గర నేర్చినవాడే. వాణ్ణి పట్టుకొని, "బొమ్మేదిరా?" అన్నాను.

"పెద్దోళ్లొస్తున్నరని సాఫ్ చేయించిన తాతా. జర కూసో."

"గా సున్నం నీ మొహానికి కొట్టుకోకపోయినవురా!"

ఫ్లెక్సీ పీకేసి, సారు దోస్తునని సభలో నాకు కప్పిన శాలువా తడిపి, అందరి ముందే గోడ తుడిచాను. పచ్చి సున్నం, ఊడింది. ఆమె చెయ్యి కనబడింది. ముఖం దగ్గరికొచ్చేసరికి, ఇంకా రుద్దితే సున్నంతోపాటు ఆమె కళ్లు కూడా పోతాయేమోనని ఆపేశాను.