కొమ్ముదీర్ఘం

అల్లవరం,
14-7-2025.

బుల్లెమ్మా,

నా కొడుకు నిన్ను పిలిచే పేరిది. నా నోటితో ఎప్పుడూ పిలవలేదు, కాగితం కాబట్టి వచ్చింది. మీ అమ్మగారికీ నాన్నగారికీ నమస్కారాలు చెప్పు. నేను బాగున్నానని రాయాలి కాబట్టి రాస్తున్నాను. ఫోను చేస్తే నువ్వు ఎత్తడం లేదు. ఎత్తినా నాకు ఏడుపే వస్తుంది, అందుకే ఈ ఉత్తరం. చదివింది మూడో తరగతే, తప్పులుంటే సర్దుకుని చదువుకో.

మోహన్ పోయి మూడు నెలలు నిండాయి. మాసికం మొన్న శనివారం పెట్టించాను.

మన రొయ్యల మేత షాపు నడుస్తోంది. కంప్యూటర్లో బిల్లులు మన షాపులో పనిచేసే దివ్యే కొడుతోంది. అసలు సంగతి ఆ బిల్లుల గురించే. మోహన్ గీసిన లోగో, రొయ్య ఒళ్లు వంచుకుని ‘సు’ అక్షరంలా ఉంటుందే, అది పాడైంది. ‘సు’ కాస్తా ‘సూ’ అయిపోయి అచ్చవుతోంది. బిల్లు మీదా అంతే, చలానా మీదా అంతే. కంప్యూటరు తనంతట తనే మార్చేసిందని దివ్య అంటోంది. నిన్న రొయ్యల చెరువు బుజ్జిబాబుగారు బిల్లు పట్టుకుని, “ఏవండీ సూర్యావతిగారూ, మీ రొయ్యకి కొత్తగా తోక మొలిచిందేంటండీ?” అని అందరి ముందూ నవ్వేరు. నువ్వొచ్చి సరిచెయ్యాలి.

ఎలాగూ రాస్తున్నాను కాబట్టి చెప్పేస్తాను. ఆ లోగో అంటే నాకు మొదటినుంచీ కుళ్లే. కంప్యూటర్లోకి ఎక్కించిన రోజు మొదటిసారి కాగితమంతా రొయ్యే వచ్చి షాపు పేరు మింగేసింది. రెండోసారి నల్లటి మచ్చ వచ్చింది. మీరిద్దరూ ఒక్క కుర్చీలో ఇరుక్కుని పగలబడి నవ్వుతున్నారు. నేను టీ గ్లాసులు పట్టుకుని నిలబడ్డాను. చల్లారిపోయాయి, ఎవరూ అందుకోలేదు. చివరికి కుదిరాక వాడు, “ఒక్కసారి పెడితే చాలమ్మా, ఇక ఏ కాగితం తీసినా ఇదే వస్తాది” అన్నాడు. ఏ కాగితం తీసినా నువ్వే వస్తావన్నమాట అనుకున్నాను. ఉండబట్టలేక, నా పేరు కూడా అదే అక్షరం కదరా అన్నాను. “సుప్రియకి కొమ్మే. నీది కొమ్ముదీర్ఘం కదమ్మా, రొయ్యకి అంత తోక ఉండదు” అన్నాడు. నువ్వు నవ్వావు. నెత్తిన చేపల గంపతో అమలాపురం బస్సెక్కి వాణ్ణి చదివించింది నేను. నా పేరుకి తోక ఎక్కువైందట!

అదంతా మనసులో పెట్టుకునే, పెద్దకార్యం అయిన మర్నాడు, “కాగితాల మీద పేరెక్కించుకున్నావుగా, షాపు కూడా రాయించుకో” అని నోరు జారాను. నువ్వు ఆ పూటే మీ అన్నయ్యతో రాజోలు వెళ్లిపోయావు. నాలుగు తిట్టి వెళ్లినా బాగుండేది.

షాపులో నీ కుర్చీ నీకే ఉంది. దివ్యకి వేరేది వేయించాను. వచ్చెయ్.

ఇట్లు,
మీ అత్తయ్య
సూర్యావతి

తా.క.: కంప్యూటరు ఏమీ మార్చలేదు. దివ్య ఏమీ అనలేదు, పాపం. కొమ్ముదీర్ఘం నేనే పెట్టించాను, నువ్వెళ్లిన పదో రోజున. “వద్దండీ, సుప్రియగారు చూస్తే బాధపడతారండీ” అంది ఆ పిల్ల. ఎవరి షాపే ఇది అని కసిరాను. “అన్ని కాగితాలకీనా అండీ?” అంది. అన్నిటికీ అన్నాను. మొదటి బిల్లు వెచ్చగా చేతికొచ్చింది. నా అక్షరం వచ్చిందని సంబరపడబోయి చూద్దును కదా, రొయ్య ఒళ్లంతా వాడి చెయ్యి, ఆ తోక ఒక్కటీ ఎవరిదో. పాతది భద్రంగానే ఉందట. మార్చేస్తానని దివ్య రోజూ అడుగుతోంది, నేనే ఆపుతున్నాను. నా కళ్లముందు నువ్వే తీసెయ్యాలి. నీ మీద కుళ్లు పోయిందని రాయను, పోలేదు. వాడు ఎవరి కోసం గీశాడో ఆ మనిషి ఎదురుగా ఉంటే చాలు, కుళ్లుకోవడానికైనా. నువ్వు ముద్ద ముట్టడం లేదని మీ అమ్మగారు చెప్పారు. వచ్చినా రాకపోయినా, వేళకి కడుపునిండా అన్నం తిను.