మోటారు బాగానే ఉంది

ఎంత అరిచినా వినిపించుకోని, ఎంత సన్న అక్షరమైనా ఇట్టే చదివేసే మావయ్యకి,

ఫోన్ చేద్దామంటే నీ దగ్గర చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. పోయినసారి ఆరోగ్యం ఎలా ఉందని నేనడిగితే, పక్కింటివాళ్ళు గోడకు రంగు వేయించిన సంగతి చెప్పుకొచ్చావు. అందుకే కాగితం, కలం పట్టుకున్నాను. పైగా ఇది అరిచి చెప్పే విషయం కాదు. మా ఆయనకీ, అత్తగారికీ కూడా ఇంకా చెప్పలేదు.

మా కంపెనీలో పద్ధతి మారింది మావయ్యా. నీ రోజుల్లో ఆఫీసు నుంచి ఫోన్ చేసి, ఫలానా బిల్డింగులో లిఫ్ట్ ఆగిపోయిందట, నువ్వు వెళ్ళు అనేవాళ్ళు. ఇప్పుడు మెకానిక్‌లందరి ఫోన్లలోనూ ఒక యాప్ పెట్టారు. ఎక్కడ లిఫ్ట్ ఆగినా అందరి జేబుల్లోనూ ఒకేసారి గంట మోగుతుంది. ఎవరు ముందు యాప్ తెరిచి ‘నేను వెళ్తున్నా’ అని నొక్కితే పని వాళ్ళది. మొదట్లో నాకూ సరదాగానే ఉంది. నువ్వు నేర్పిన చేతులు కదా, ఎవడికి భయపడాలి అనుకున్నాను.

ఈ మధ్య ఒక్క మంచి పని దక్కితే ఒట్టు. గంట మోగగానే నొక్కుతాను. తెల్లటి తెర మీద చిన్న చక్రం తిరుగుతూనే ఉంటుంది. అది తెరుచుకునేసరికి పని ఎవరో తన్నుకుపోయి ఉంటారు. ఎక్కువగా మెరుపు. నిన్నగాక మొన్న చేరిన కుర్రాడు, వేలు అంత చురుగ్గా ఉంటుందని అందరూ వాడికి పెట్టిన పేరది. నాకు మిగిలేవి ఎవరూ ముట్టుకోనివి. నీళ్ళు నిండిన లిఫ్ట్ గుంటలు తోడటం, తలుపుల సందుల్లో ఇరుక్కున్న గోలీలు, హెయిర్‌పిన్నులు ఏరటం. ఫోన్ ఆపి మళ్ళీ వెలిగించాను. విమానం బొమ్మ నొక్కి తీశాను. ఏం మారలేదు. విచిత్రం ఏమిటంటే, మళ్ళీ నొక్కితే టక్కున తెరుచుకుంటుంది. అప్పటికి ఏం లాభం?

ఇంట్లో సోఫాలో కూర్చుంటే మాత్రం నాకు తిరుగులేదు. సెలవు రోజు పిలుపు వచ్చినప్పుడు నేనే ముందు తెరుస్తాను, అక్కర్లేదని వదిలేస్తాను. వీధిలో కాలు పెడితే మళ్ళీ మామూలే. దీన్నిబట్టి నాకు అర్థమైందేమిటంటే, పనిలో ఉన్నప్పుడు నాకు కంగారు పుడుతోంది. వయసు మీద పడుతోంది, చెయ్యి నెమ్మదిస్తోంది. నవ్వకు, అన్నం తింటూ బల్ల మీద వేలితో కొట్టి సాధన కూడా చేశాను. అత్తగారు చూసి, తాళం నేర్చుకుంటున్నావా అని అడిగారు.

సూపర్‌వైజర్ మంచివాడే. పిలిచి నెమ్మదిగా చెప్పాడు. ఆఫీసులో ఫిర్యాదులు రాసుకునే సీటు ఖాళీగా ఉందట, నెలాఖరులోగా సరేనంటే నాకే ఇస్తాడట. ఒప్పుకుందామనుకుంటున్నాను మావయ్యా. ఆడలేక మద్దెల ఓడన్నదని నలుగురూ నవ్వకముందే తప్పుకోవడం గౌరవం కదా? కానీ మెషిన్ రూమ్ తలుపు తీయగానే వచ్చే ఆ గ్రీజు వాసన లేకుండా రోజు ఎలా గడుస్తుందో తెలియడం లేదు. బాధగా ఉంది. నీకు తప్ప ఇంకెవరికి చెప్పను?

నీ మేనకోడలు,
బోల్టు

*

ముసలి వేలు గల బోల్టుకి,

నీ ఉత్తరం చదివితే మొదట ఏడుపొచ్చింది, తర్వాత కోపమొచ్చింది. ఏడుపు సంగతి తర్వాత చూద్దాం. ముందు తిట్లు తిను.

బట్టల దుకాణం లిఫ్ట్ గుర్తుందా? నువ్వు పనిలో చేరిన కొత్త. బటన్ నొక్కితే జనం విసుగెత్తి మెట్ల దారి పట్టేదాకా కదిలేది కాదు. కదిలాక మాత్రం ఒక్క కుదుపు లేకుండా పోయేది. మోటారు ముసలిదైపోయిందని యజమాని కొత్తదానికి బేరం కూడా మొదలుపెట్టాడు. తీరా మనం చూస్తే మోటారు శుభ్రంగా ఉంది. కింద నొక్కిన బటన్ కబురును పైకి అందించే చిన్న రిలే ఒకటి దుమ్ము పట్టి బద్ధకించింది. బయలుదేరడం ఆలస్యమా, నడక ఆలస్యమా, ఈ రెండూ విడదీయకుండా దేని మీదా తప్పు వేయకూడదని నీకు అప్పుడే చెప్పాను. ఇన్నేళ్ళూ లిఫ్టుల విషయంలో పాటించి, నీ దగ్గరికి వచ్చేసరికి మోటారు పోయిందని రాసేశావు.

నువ్వు రాసిందే మళ్ళీ చదువుకో. రెండోసారి నొక్కితే టక్కున తెరుచుకుంటుందన్నావు. మొదటిసారికి ముసలిదైన వేలు రెండోసారికి పడుచుదవుతుందా? సోఫాలో బాగుండి వీధిలో పాడయ్యే వేలిని నేనెక్కడా చూడలేదు. ఆడలేక మద్దెల ఓడనేవాళ్ళు లోకంలో బోలెడుమంది. మద్దెల నిజంగానే ఓడైతే, తన చేతులే మంచివి కావనుకుని కుమిలిపోయేదాన్ని నిన్నే చూస్తున్నాను.

నాకు ఫోన్ల గురించి ఏమీ తెలియదు. కానీ వెతికే పద్ధతి ఎక్కడైనా ఒకటే. ఒకసారికి ఒకటే మార్చు. ఇంట్లో ఉన్నదేమిటి, వీధిలో లేనిదేమిటి అని చూడు. తెరుచుకున్నాక లోపల నెమ్మదిగా నడుస్తోందా, బాగానే నడుస్తోందా చూడు. ఆ మెరుపుగాడి ఫోన్ పక్కన పెట్టి చూడు. ఇవన్నీ చూసి నాకు రాసేలోపు ఆ సీటుకి సరేనన్నావంటే, నేనే బస్సెక్కి వచ్చి మీ ఆఫీసు ముందు కూర్చుంటాను. నాకెలాగూ ఎవరేం తిట్టినా వినపడదు.

నీ చెవిటి మావయ్య

*

ఓటి మద్దెలను ఉత్తరంలోనే పట్టేసిన మావయ్యకి,

మద్దెలే ఓడు.

నువ్వు చెప్పినట్టే చేశాను. ముందు వీధిలో నిలబడి ఒక సినిమా పాట పెట్టాను. మొదలవడానికి యుగం పట్టింది, మొదలయ్యాక ఎక్కడా ఆగలేదు. అంటే నడక బాగానే ఉంది, బయలుదేరడమే ఆలస్యం. తర్వాత ఇంట్లో వైఫై ఆపేసి, సోఫాలోనే కూర్చుని, సిమ్ మీద వచ్చే మొబైల్ డేటాతో చూశాను. అదే సోఫా, అదే వేలు, మళ్ళీ చక్రం తిరిగింది. అప్పుడు నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. ఫోన్ పాడైందని గంతులేసినదాన్ని నేనొక్కదాన్నే అయ్యుంటాను.

మర్నాడు టీ కొట్టు దగ్గర మెరుపును పట్టుకుని, మన సిమ్‌లు కాసేపు మార్చుకుందాం అన్నాను. వాడు నేనేదో వాడి కిడ్నీ అడిగినట్టు చూశాడు. చివరికి టీతో ఒప్పుకున్నాడు. నా సిమ్ వాడి ఫోన్లో పెడితే చురుగ్గా ఉంది. వాడి సిమ్ నా ఫోన్లో పెడితే నత్తనడకే. తప్పు సిమ్‌ది కాదు, నాది అసలే కాదు, నా ఫోన్‌ది.

మా వీధి చివర ఫోన్లు బాగుచేసే ఆవిడ దగ్గరికి తీసుకెళ్ళాను. ఇదంతా విని, సగం పని మీరే చేసుకొచ్చారని నవ్వింది. ఆవిడ చెప్పింది నీకు అర్థమయ్యేలా రాస్తాను. ఫోన్‌కి పేర్లు తెలుసు గానీ చిరునామాలు తెలియవట. యాప్ తెరవాలంటే మా కంపెనీ కంప్యూటర్ ఎక్కడుందో ముందు ఎవరినో అడగాలి. అలా చిరునామా చెప్పేదాన్ని డీఎన్ఎస్ అంటారు. మామూలుగా సిమ్ కంపెనీవాళ్ళదే పక్కనుంచి చెప్పేస్తుంది. నా ఫోన్ దాన్ని అడగడం మానేసింది. సెట్టింగుల్లో ప్రైవేట్ డీఎన్ఎస్ అన్నచోట ఎవరో వేరేదాని పేరు టైప్ చేసి పెట్టారు. అది ప్రకటనలు రాకుండా ఆపే రకం. మా ఇంటి వైఫై నుంచి దానికి దగ్గర దారి ఉంది, మొబైల్ డేటాలో మాత్రం ఊళ్ళన్నీ చుట్టి వెళ్ళి అడిగి రావాలి. ఒకసారి తెలుసుకున్న చిరునామా కాసేపు గుర్తుంటుంది కాబట్టి, వెంటనే రెండోసారి నొక్కితే ఆలస్యం లేదు. కాసేపు జేబులో ఉంటే మళ్ళీ మొదటికి వస్తుంది. అంతా మన బట్టల దుకాణం రిలే కథే. ఆవిడ దాన్ని ఆటోమేటిక్ అని మార్చి ఇచ్చింది.

కొట్టు మెట్లు దిగుతుండగానే గంట మోగింది. నొక్కాను. చక్రం కనిపించనే లేదు మావయ్యా. అపార్ట్‌మెంట్ లిఫ్ట్, రెండంతస్తుల మధ్య ఆగింది, లోపల ఒక పెద్దాయన, ఆయన కుక్క. ఇద్దరినీ క్షేమంగా దించాను. కుక్క నా చెయ్యి నాకింది. మెరుపు ఫోన్ చేసి, “అక్కా, టీ తాగించి నా పొట్ట కొట్టావు” అన్నాడు. సూపర్‌వైజర్‌కి ఆ సీటు వద్దని చెప్పేశాను. ఆయన మొహం చూస్తే, ఆయనకే ఎక్కువ ఊరట కలిగినట్టుంది.

ఇంతకీ ఆ పేరు ఎవరు టైప్ చేశారు? ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు గానీ, మా ఇంటిదొంగ భోజనాల దగ్గర తనంతట తానే లొంగిపోయింది. నేను కథంతా చెబుతుంటే అత్తగారు గరిటె కింద పెట్టి, “అది నేనే పెట్టాను” అన్నారు. ఆదివారం నేను కునుకు తీసేటప్పుడు ఆవిడ నా ఫోన్లో రంగు బుడగలు పేల్చే ఆట ఆడతారు. రెండు బుడగలు పేలేలోపు ఒక ప్రకటన వస్తోందట. వీడియో చూసి, ఒక్కో అక్షరం వెతుక్కుని టైప్ చేశారట. “అయితే నీ ఉద్యోగం నా బుడగలతో పాటే పేలిపోయేదా?” అని ఆవిడ కళ్ళు తుడుచుకున్నారు. నాకు కోపం రావాలి, నవ్వే వచ్చింది. మా ఆయన పాత ఫోన్ బీరువాలోంచి తీసి, అందులో అదే పేరు టైప్ చేసి ఆవిడ చేతికిచ్చాం. ఇంట్లో వైఫై మీద హాయిగా పేల్చుకుంటున్నారు.

ఇక నీ సంగతి. నీ చెవులు పోయాయని ఎవరు చెప్పారు మావయ్యా? మీ అమ్మాయిని అడిగాను. నువ్వు ఒక్కసారి కూడా డాక్టర్‌కి చూపించుకోలేదట. మోటారు శబ్దం సరిగ్గా వినపడటం లేదని, ఒకరోజు పొద్దున్నే వెళ్ళి పని మానేస్తున్నట్టు రాసిచ్చి వచ్చావట. శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టుంది నీ వ్యవహారం. ఏదీ విడదీసి చూడకుండా మోటారు పోయిందని రాసేసింది నేనొక్కదాన్నే కాదన్నమాట. ఒకసారికి ఒకటే మార్చమన్నావుగా. ముందు చెవులు చూపించుకో. ముసలితనం మీద తప్పు తర్వాత వేద్దాం. లేదంటే బస్సెక్కి వచ్చి మీ గేటు ముందు కూర్చునేది నేను. నాకు అన్నీ వినపడతాయి, అయినా లేవను.

నీ శిష్యురాలు,
పడుచు వేలు గల బోల్టు

*

గురువుకే పాఠం అప్పజెప్పిన బోల్టుకి,

నీ మీద కొన్నాళ్ళు అలిగాను. అలిగినట్టు నీకు తెలియకపోతే ప్రయోజనం లేదని మా అమ్మాయి అంటే, అలక మాని డాక్టర్ దగ్గరికి వెళ్ళాను.

డాక్టరమ్మ కుడి చెవిలో దీపం పెట్టి చూసి, పనిముట్లు తెమ్మంది. గుబిలి తీసింది, తీసింది, తీస్తూనే ఉంది. ఆఖర్న దాని వెనక నుంచి నల్లటి దూది ఉండ ఒకటి వచ్చింది. ఇదేమిటని ఆవిడ అడిగింది. నాకు తెలుసు అదేమిటో. పాత గిడ్డంగి మెషిన్ రూమ్ మోత భరించలేక చెవుల్లో దూది కుక్కుకునేవాణ్ణి, నీకు గుర్తుందిగా. అందులో ఒక ముక్క లోపలే ఉండిపోయింది. నేను రిటైరయ్యాను గానీ అది కాలేదు. ఎడమ చెవి మాత్రం నిజంగానే బలహీనపడిందట, దానికి మిషన్ పెడతారు. కుడిది శుభ్రంగా ఉంది.

బయటికి వచ్చి ఆస్పత్రి లిఫ్ట్ ఎక్కాను. తలుపు మూసుకుంది. పైన ఎక్కడో బ్రేకు టక్కుమని వదిలింది. ఆ టక్కు విని ఎన్నేళ్ళయిందే బోల్టూ. తర్వాత మోటారు అందుకుంది. మా అమ్మాయి బయటికి రమ్మని చెయ్యి పట్టుకుని లాగుతున్నా దిగకుండా, పై దాకా వెళ్ళి, కింది దాకా వచ్చి, మళ్ళీ పైకి వెళ్ళాను. లిఫ్ట్‌లో నర్సమ్మ ఒకావిడ, మీకేం కావాలి తాతగారూ అని మామూలు గొంతుతోనే అడిగింది. ఏమీ వద్దమ్మా, మోటారు బాగానే ఉంది అన్నాను. ఆవిడకు నా మతి మీద అనుమానం వచ్చినట్టుంది. నాకు కళ్ళ నీళ్ళు ఆగలేదు.

ఒక మాట నీకు చెప్పాలి. నేను పని మానేస్తూ రాసిచ్చిన రోజున, ఆగు, ముందు చూసుకో అని నాకు ఎవరూ ఉత్తరం రాయలేదు. ఎలా రాస్తారు? అప్పుడు నేను ఎవరికీ చెప్పలేదు. మెకానిక్‌కి శబ్దం వినపడటం లేదంటే పరువు పోతుందనుకుని గప్‌చుప్‌గా వచ్చేశాను. నువ్వు నాకు చెప్పావు. నేను నీకు నేర్పినవాటిలో ఇది లేదు. ఇది నీ సొంత తెలివి.

మళ్ళీ ఉద్యోగంలోకి వెళ్ళే వయసు కాదు నాది, ఆ ఆశా లేదు. కానీ నువ్వు రోజంతా ఏ లిఫ్ట్ ఎక్కావో, ఏ ప్యానెల్ ఏం పేచీ పెట్టిందో ఎవరో ఒకరు వినాలి కదా. ఇన్నాళ్ళూ నీ ఉత్తరం కోసం చూసింది అందుకే. ఇక నుంచి పని అవగానే ఫోన్ చెయ్యి. గంట మోగగానే ఎత్తుతాను, చూద్దాం ఎవరి వేలు చురుకో. మీ అత్తగారికి నా నమస్కారాలు చెప్పు, ఆ బుడగల ఆట ఏమిటో నాకూ నేర్పమను.

ఇంకొక్కటి. అలవాటు కొద్దీ అరవకు. మామూలుగా మాట్లాడు, వినిపిస్తుంది.

నీ మావయ్య