తాంబూలానికి మూలం

మదనపల్లె
అక్టోబరు 6

ప్రియమైన హరితా,

ఈ ఉదయం మా వీధి మలుపులో, టమాటా లారీ నుంచి జారిన పండొకటి స్పీడ్ బ్రేకర్ పక్కన చెక్కుచెదరకుండా ఆగి ఉంది. బండ్లన్నీ దాన్ని తప్పించుకునే పోయాయి. సాయంత్రం లైబ్రరీ పని ముగించుకుని వచ్చేసరికి కూడా అక్కడే ఉంది. ఇలాంటివి నాకు ఫోన్‌లో చెప్పడం రాదు. అందుకే నీకు ఇంకా ఉత్తరాలే రాస్తున్నాను.

సింగిరికుంట వ్యాసం చదివాను. ఆన్‌లైన్ విజ్ఞాన సర్వస్వంలో నువ్వు మీ ఊరి చరిత్ర రాసినప్పుడు సంతోషించాను. ఇప్పుడు దానికి ‘మంచి వ్యాసం’ గుర్తు కోరావు. నాణ్యత చూసే పని నా వంతుకు వచ్చింది. పుంగనూరు పాళెగాళ్ళ భాగం బాగుంది. ప్రతి మాటకూ ఒక పుస్తకం చూపించావు.

చిక్కంతా చెరువు దగ్గరే. చెరువు నిండి మొరవ మీదుగా, అంటే అలుగు మీదుగా, పొర్లిన యేడు కట్ట మీద గంగపూజ చేస్తారనీ, అప్పుడు మొదటి తాంబూలం పొలాలకు నీళ్ళు పంచే నీరుగంటి మారప్ప వంశానిదనీ రాశావు. ఆధారంగా ఒక దినపత్రిక జిల్లా పేజీ ఉంది. ఆ పేజీ నీ వ్యాసం వచ్చిన తర్వాత అచ్చయింది. అందులో ‘నిండు చూలాలిలా ఆయాసపడే చెరువు’ అని ఉంది. ఆ మాట నీది. కాన్వెంటులో తొమ్మిదో తరగతప్పుడు సిస్టర్ ఎర్ర సిరాతో కొట్టేసింది, గుర్తుందా? వాళ్ళు నిన్ను చూసి రాశారు. నువ్వు వాళ్ళను చూపిస్తున్నావు. వేరే ఆధారం ఏదైనా ఉందా?

కళ్ళు నొస్తున్నాయి. ఉంటాను.

నీ
అంబిక


కుప్పం
అక్టోబరు 10

ప్రియమైన ఎర్ర సిరా సిస్టరమ్మకు,

ఆ చూలాలిని నేను వదల్లేదు, నువ్వూ వదల్లేదు. సంతోషం.

వేరే ఆధారం ఉంది. పేరు పాపమ్మ, మా అవ్వ. ఆ మారప్ప ఆమెకు మామ, నాకు ముత్తాత. అవ్వ చెప్పిందే నేను రాశాను. పత్రికవాళ్ళు ఎత్తి రాస్తే, పోనీ అచ్చయిన కాగితం దొరికిందని దాన్నే కింద పెట్టాను. అది తప్పని నాకు తోచలేదు.

గుర్తు ఎందుకు కావాలో చెబుతాను విను. ఈ వానలకు చెరువు నిండింది. చాలా యేండ్ల తర్వాత మొరవ పోతోంది. వచ్చే శుక్రవారం పూజ. మారప్ప తర్వాత ఆ తాంబూలం ఎప్పుడో మా ఇల్లు దాటి ఊరి పెద్దింటివాళ్ళకు పోయింది. ఈసారి మా వీధి పిల్లకాయలు నీ విజ్ఞాన సర్వస్వాన్ని ఫోన్‌లో చూపించి అడిగారు. పెద్దింటి మునికృష్ణ నవ్వినాడంట: “యాడన్నా రాతిమీద రాసుండాదా? ఈ పొద్దు ఎవురైనా ఫోన్లో రాస్తారప్పా!” అని. మరుసటి రోజే ఆయనా అదే వ్యాసంలో ‘చెరువు తవ్వించింది పెద్దింటివారు, మొదటి మర్యాద వారిదే’ అని చేర్చాడు. చివరికి సర్పంచ్ తేల్చినాడు: “దానికి మంచి గుర్తు పడితే పాపమ్మకే ఇస్తాం. పడకుంటే ఎప్పట్లాగే పెద్దింటికి.”

అవ్వ ఈ మాట విన్నప్పటినుంచి పెట్టెలో చీర తీసి ఎండకు వేస్తోంది, మళ్ళీ మడిచి పెడుతోంది. “ఆ అంబికమ్మ నీ స్నేహితురాలే గదా, రాస్తాదిలే” అంటోంది.

రాస్తావు గదా?

నీ
హరిత


మదనపల్లె
అక్టోబరు 13

ప్రియమైన హరితా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అవ్వ చీర దగ్గర ఆగిపోయాను.

రాయలేను. అవ్వ మాట అబద్ధమని కాదు. ఒకరి నోటి మాట మనకు నిజమే కావచ్చు. అది అచ్చుకు ఎక్కి, అచ్చు మళ్ళీ దానికే సాక్ష్యం చెబితే ఇద్దరు చెప్పినట్టు కనిపిస్తుంది. చెప్పింది ఒక్కరే. ఈ పని చేస్తూ నేను నేర్చుకున్నది అంతే, పెద్ద విద్య కాదు.

మునికృష్ణ వాక్యానికి ఆ పాటి కాగితం కూడా లేదు. రెండూ తీసేశాను. తీసినందుకు కారణాలు చర్చ పేజీలో రాశాను. గుర్తు ఇవ్వాలా వద్దా అన్నది మాత్రం నేను తేల్చడం లేదు. మరొకరికి అప్పగించాను. ఎందుకని అడగవద్దు.

పూజకు ముందు ఊళ్ళో ముసలివాళ్ళను ఒకచోట కూర్చోబెట్టి అడగమని సర్పంచ్‌తో చెప్పు. ఫోన్‌ను అడగడం కంటే అదే మేలు.

అలసిపోయాను. చదవడం వల్ల కాదనుకుంటాను.

నీ
అంబిక


కుప్పం
అక్టోబరు 15

అంబికకు,

మునికృష్ణ వాక్యమూ అవ్వ వాక్యమూ నీకు ఒక్కటే అయిపోయాయి. రెండింటినీ ఒకే గీతతో కొట్టేసి చేతులు కడుక్కున్నావు. గుర్తు వేసే పనీ ఇంకొకరి మీదకు నెట్టావు. కాన్వెంటులోనూ నువ్వింతే. కిటికీ అద్దం పగలగొట్టింది ఎవరని సిస్టర్ అడిగితే పుస్తకంలో తల దూర్చేదానివి.

వ్యాసంలో లేనిది ఊళ్ళో చెల్లదు. ముసలివాళ్ళను అడగమన్నావు. మా వీధి ముసలివాళ్ళు మాకే చెబుతారు, వాళ్ళ వీధి వాళ్ళు వాళ్ళకే చెబుతారు. ఆ మాత్రం తెలియదు నీకు. నీకేం, ఆ చెరువుతో నీకేం సంబంధం?

శుక్రవారం నాకు పరీక్షల డ్యూటీ. లేకపోయినా పోను. అవ్వ మొహం చూడలేను.

హరిత


మదనపల్లె
అక్టోబరు 19

ప్రియమైన హరితా,

నువ్వు పోలేదు గనుక నేను పోయాను. లైబ్రరీకి సెలవు పెట్టి పుంగనూరు బస్సెక్కాను. అక్కడి నుంచి ఆటోలో సింగిరికుంట చేరేసరికి కట్టంతా జనం. మొరవ మీద నీళ్ళు టీ రంగులో దూకుతున్నాయి. మీ అవ్వ ఆకుపచ్చ చీర కట్టుకుని తూము వైపు, అందరికంటే వెనక నిలబడి ఉంది.

కొబ్బరికాయ కొట్టారు. తాంబూలం తట్ట సర్పంచ్ చేతిలో ఉంది. మీ వీధి కుర్రవాళ్ళు ఫోన్ తీశారు. మునికృష్ణ కూడా తీశాడు. అందరూ గీకి గీకి చూశారు.

“యాడికి పాయ? మొన్నటిదాంకా ఉండె గదా!”

“మీదే కాదులేప్పా, మాదీ పీకేసినారు,” అన్నాడు మునికృష్ణ. “ఎవురో మదనపల్లె ఆయమ్మంట. పనీపాటా లేదేమో.”

అందరూ నవ్వారు. నేను పైట సర్దుకుంటూ చెరువు వైపు తిరిగాను.

గుర్తు పడలేదు గనుక పెద్దింటికే అన్నాడు సర్పంచ్. పెద్దింటి ముసలావిడ రుక్మిణమ్మ ముందు బండరాయి మీద కూర్చుని ఉంది. తట్ట తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టారు. నేను పక్కనే ఉన్నాను. ఎవరైనా ఏదైనా చెబితే మా పనిలో మొదట అడిగే ప్రశ్న ఒకటుంది. ముందుకు వంగి అదే అడిగాను.

“ఇది ఎవరికి ఇచ్చేవాళ్ళో మీరు కళ్ళారా చూశారా అమ్మా?”

ఆమె నా మొహంలోకి చాలాసేపు చూసింది.

“సూడకేమి? నేను ఈ ఊరికి కోడలుగా వచ్చిన యేడే చెరువు మొరవ పాయ. మా మామ ఇట్నే తట్ట నా చేతికిచ్చి, మారప్పకు ఇచ్చి రాపో అన్నాడు. ఇచ్చొస్తి. మారప్ప పోయినాక మా ఇంటోళ్ళే ఉంచుకోవడం మొదులుపెట్టినారు.”

“అవ్వా! ఇన్నేండ్లూ యాల సెప్పలేదు?” అన్నాడు మునికృష్ణ. మొహం మాడిపోయింది.

“నన్నెవురడిగినార్రా? మీరు ఫోన్ను అడిగినారు.”

లేవబోయింది, లేవలేకపోయింది. నేను మోచెయ్యి పట్టుకున్నాను. అంత బరువు ఉంటుందనుకోలేదు. నన్ను ఆనుకుని తూము దాకా నడిచి, తట్ట మీ అవ్వ చేతుల్లో పెట్టింది. మీ అవ్వ ఒక ఆకు తీసి రుక్మిణమ్మకే ఇచ్చింది. ఇద్దరూ నమిలారు. మునికృష్ణ కట్ట దిగి వెళ్ళిపోయాడు. వచ్చేసారి ఏం జరుగుతుందో తెలియదు.

ఇదంతా వ్యాసంలో చేర్చలేను. ఎక్కడా అచ్చు కాలేదు, పైగా అక్కడ నేను ఉన్నాను. నేను అప్పగించిన ఆయన నిన్న తన నిర్ణయం రాశారు. గుర్తు రాలేదు. చెరువు భాగం అసంపూర్ణమన్నారు. నిజమే.

మీ అవ్వ నీకు రెండు వక్కలు పంపింది. ఉత్తరంతో పెట్టాను.

వెనక్కి వస్తుంటే రుక్మిణమ్మ నా చెయ్యి వదలకుండా అడిగింది: “ఎవురి బిడ్డవమ్మా నువ్వు?”

“హరిత స్నేహితురాలిని,” అన్నాను.

నీ
అంబిక

తా.క.: ఆ చెరువుతో నాకేం సంబంధమని అడిగావు. వాళ్ళకు ఇష్టం లేని పెళ్ళి చేసుకుందని మా అమ్మను మళ్ళీ పెద్దింటి గడప తొక్కనివ్వలేదు. రుక్మిణమ్మ మా అమ్మ కన్నతల్లి.