జూలియా ఇంటిపేరు

బనియాస్, అబుదాబి
మార్చి 2024

బాపూ,

చెల్లె స్వర్ణతో ఈ ఉత్తరం మొత్తం చదివించుకో.

మా ఆఫీసుకు ఇటలీ నుంచి జూలియా ఫాబ్రీ అనే ఇంజనీరు వచ్చింది. మొన్న భోజనాల దగ్గర ఎవరో ఆమె ఇంటిపేరుకు అర్థం అడిగారు. "కమ్మరి" అని గర్వంగా చెప్పింది. ఎప్పుడో పన్నులు రాసుకునేవాళ్లు మనుషులను పనిని బట్టి రాసుకుంటే, అదే ఇంటిపేరుగా నిలిచిందట. వాళ్ల వైపు ఊరూరా ఫాబ్రీలేనట. మా ముదీర్, అంటే మేనేజరు, "మాషా అల్లా" అని మెచ్చుకున్నాడు. జూలియా వాళ్ల నాన్నది బ్యాంకు ఉద్యోగం, ఆమె కొలిమి ఎన్నడూ చూడలేదు. అయినా ఆ పేరును నగలా పెట్టుకుని తిరుగుతోంది. "మరి నీ ఇంటిపేరు?" అని నన్నడిగితే మాట మార్చాను. కుళ్లుకున్నాను బాపూ.

పదో తరగతిలో సారు పేర్లు రాసుకుంటుంటే, పిల్లలు నవ్వుతారని నా పేరు ముందు "కమ్మరి" తీసేయించింది నేనే. సారు పిలిపిస్తే బడికి వచ్చిన నువ్వు మసి చేతులు వెనక్కి పెట్టుకుని, "బిడ్డ ఎట్లంటే అట్లనే సారూ, సదువుకున్నది ఆమెనే గదా" అన్నావు. పాస్‌పోర్టులోనూ ఆ పేరు లేదు.

వచ్చే నెల కొత్త పాస్‌పోర్టుకు దరఖాస్తు పెట్టాలి. ఈసారి మన ఇంటిపేరు రాయించుకుంటాను. నామీద కోపం లేకపోతే ఇంటిపేరుకు రుజువుగా నీ ఆధార్ నకలు పంపు.

కొలిమి ముందు కూర్చుని ఒక ఫోటో కూడా దిగు. చేతులు కనబడాలి. జూలియాకు చూపిస్తాను. ఒక్కరోజు ఆమెను కుళ్లుకోనీ.

నీ పెద్దబిడ్డ